అమ్ముడుబోయినవి పెట్టు

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మామ, తిరుపతిలో ఆ బట్టలు అమ్మే మేనకోడలు. అంగడి పేరుతో ఎక్స్‌లో (మునుపటి ట్విట్టర్) ఖాతా తెరిచి రోజూ రెండు ముక్కలు రాయాలని ఆమె పట్టు. వద్దని ఆయన. నా మొగ్గు దాచను: మామ భయంలో బరువుంది.

కోడలు: కొండకొచ్చే జనం దర్శనం చేసుకుని రైలెక్కేస్తారు మామా. మన అంగడి ఉండేదే వాళ్లకు తెలీదు. చిన్న చిన్న వ్యాపారులు కూడా ఈరోజు ఏం సరుకొచ్చిందో రాసి పెడతా ఉండారు.

మామ: రెండు ముక్కల్లో ఏం చెప్తావమ్మణ్ణీ? గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఎండేయాల. చింతబొగ్గుతో గీయాల. ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపు తీయాల. పటిక పెట్టాల, ఉడికించాల, పారే నీళ్లలో జాడించాల. ఇది తెలీనోడికి మన చీరా, స్క్రీన్ ప్రింటూ ఒకటే. ఫోటో చూసి ధర అడిగి పోతాడు.

కోడలు: తొలినాళ్లలో ఒక్కో పోస్టుకు 140 అక్షరాలే. 2017లో 280 చేసినారు. చాలకుంటే ఒకదానికింద ఒకటి రాయొచ్చు.

మామ: తెలుగులో గుణింతం, వత్తు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి గదా. మనకు మిగిలేదెంత?

కోడలు: 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతాదని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, జనం ఫోన్లలో చూసుకున్నది ఇట్లాంటి పొట్టి మాటలే.

మామ: పుకారూ అంతే జోరుగా పోయింటాది. సరే, వరదకు పనికొచ్చిందనుకో. వ్యాపారం సంగతి వేరే. కూ అని ట్విట్టర్ లాంటిదే మన దేశంది 2020లో వచ్చింది, తెలుగులో రాసుకోవచ్చని మనోళ్లు చేరినారు. 2024 జులైలో మూసేసినారు. అక్కడ కూడబెట్టుకున్న గిరాకీ ఏమైంది? ట్విట్టర్‌ను 2022లో మస్క్ 44 బిలియన్ డాలర్లకు కొని, మరుసటేడు పేరే మార్చినాడు. నీలం టిక్కుకు నెలనెలా డబ్బు కట్టమన్నాడు. పరాయి స్థలంలో అంగడి పెట్టుకున్నట్టుంది ఇది.

కోడలు: అందుకే కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మన పుస్తకంలో రాసుకుందాం. ఖాతా పోయినా వాళ్లు పోరు. కానీ వాళ్లు మనల్ని మొదట చూసేది యాడ మామా?

మామ: చూసేవాళ్లలో దొంగలూ ఉంటారు. నా గీత చూసి ఎవడో వారంలో ప్రింటు దింపుతాడు. ఈ పేరు ఈ ఊరి పనికే అని 2005లోనే మనకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో అచ్చుబట్ట అమ్మేది ఆగిందా?

కోడలు: ఆగలేదు. నలుగురి ముందు దాన్ని నిలదీసేదానికైనా మనకొక గొంతు కావాల గదా!

(మామ కాసేపు మాట్లాడలేదు. నాకు ఈ వాదంలో గట్టిగా తగిలిన మాట ఇదే.)

మామ: అయితే అదే పెట్టు. చేతిగీత, అచ్చు పక్కపక్కన చూపించు. కలంతో గీసింది అంతటా ఒకే లావు ఉండదు, రంగు వెనక్కి దిగుతాది. మన చీరల ఫోటోలు మాత్రం వద్దు.

కోడలు: మన చీర లేకుండా చేతిగీత దేంతో చూపించేది?

మామ: అమ్ముడుబోయినవి పెట్టు.