రెండు శనివారాల ఓడ

సిడ్నీ నుంచి వాంకూవర్ దాకా ఓడలో వెళ్లారట కదా, వాంతులయ్యాయా అని అడుగుతున్నారు అందరూ. వాంతుల సంగతి తేలికే. ఓడకు నడిమి భాగాన, కింది అంతస్తుల్లో కేబిన్ తీసుకుంటే ఊపు తక్కువగా ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆకాశం, నీళ్లు కలిసేచోట చూపు నిలపాలి. అల్లం మురబ్బా దగ్గర ఉంచుకోవాలి. కడుపు ఖాళీగా పెట్టకూడదు. ఈ చివరి సలహా దగ్గరే మాకు చిక్కు వచ్చి పడింది. మా వారు శనివారం పగలంతా ఉపవాసం ఉంటారు. ఆ ఓడలోనేమో శనివారాలు ఒకదాని వెంట ఒకటి రెండు వచ్చాయి.

మా అబ్బాయి సిడ్నీలో, అమ్మాయి సియాటిల్‌లో ఉంటారు. మధ్యలో పసిఫిక్ మహాసముద్రం ఉంటుంది. అన్ని గంటలు విమానంలో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయని మా వారి బాధ. ఏప్రిల్, మే నెలల్లో ఆస్ట్రేలియాలో చలి మొదలవుతుంది. అక్కడ తిరిగే పెద్ద ఓడలు కొన్ని అలాస్కా వేసవి యాత్రల కోసం ఉత్తరానికి తరలిపోతాయి. ఖాళీగా పోవడమెందుకని దారిలో మనుషుల్ని ఎక్కించుకుంటాయి. రోజుకింత అని లెక్క వేస్తే మామూలు విహారయాత్రల కన్నా చవక. చవక అనేసరికి మా వారు మోకాళ్ల మాట మరచిపోయి, ఓడంతా తిరగడానికి కొత్త బూట్లు కొనుక్కున్నారు.

ఓడ తిన్నగా సియాటిల్‌కే వెళ్లకూడదా అని అడిగాను. వెళ్లకూడదట. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కినవాళ్లను తీసుకుపోయి మరో అమెరికా రేవులో దించడానికి వీల్లేదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. దారిలో అమెరికావాళ్ల హవాయి దీవుల్లోని హోనొలులులో ఎక్కేవాళ్లూ ఉంటారు కాబట్టి ఓడ కెనడాలోని వాంకూవర్ దాకా పోయి ఆగుతుంది. ఆ పాత చట్టం పుణ్యమా అని మా అల్లుడు మూడు గంటలు కారు నడుపుకుంటూ రావలసి వచ్చింది.

ఎక్కేరోజే మా రైస్ కుక్కర్‌ను పట్టుకున్నారు. ఇస్త్రీపెట్టె, కెటిల్ లాంటివేవీ కేబిన్లోకి పోనివ్వరు. సముద్రం మధ్యలో మంటలు లేస్తే ఫైరింజను రాదు కదా, వాళ్ల భయం వాళ్లది. అన్నం ఉడకగానే దానంతటదే ఆగిపోతుందని మా వారు చాలా సేపు వాదించారు. అధికారి ఓపికగా విని, కుక్కర్‌కు చీటీ కట్టి, రసీదు చేతిలో పెట్టాడు. చివరి రోజు తిరిగిచ్చారనుకోండి. ఇస్త్రీపెట్టెల వాళ్లు, కెటిళ్ల వాళ్లు, మేము అందరం ఒకే వరుసలో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డాం.

కేబిన్ల వరండాలు ఎంత పొడుగంటే అటు చివర నిలబడిన మనిషి మగవాడో ఆడమనిషో తెలియదు. తలుపులన్నీ ఒకేలా ఉంటాయి. గోడలు ఇనుపవే కాబట్టి అయస్కాంతం అతుక్కుంటుంది. మా ఫ్రిజ్ మీద ఉండే వేంకటేశ్వరస్వామి బొమ్మను తెచ్చి తలుపుకు పెట్టాను. రెండు మూడు రోజులకే ఆ వరుసలో సగం మందికి స్వామే కొండగుర్తు అయ్యారు. న్యూజిలాండ్ పెద్దావిడ ఒకరు తన గది ఎక్కడో స్నేహితురాలికి చెబుతూ, నుదుట తెల్లగా పెద్ద నామం ఉన్నాయన దాటాక రెండో తలుపు అనడం నా చెవులతో విన్నాను. మా వారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆవిడ కనబడ్డప్పుడల్లా లేచి నిలబడేవారు.

తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. బఫేలో ఏదో ఒకటి పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా పెడుతూనే ఉంటారు. శాకాహారులు మొదటి రోజే భోజనశాల పెద్ద దగ్గరికి వెళ్లి పరిచయం చేసుకోవాలి. ముందురోజు రాత్రి చెప్పి ఉంచితే మర్నాడు పప్పూ కూరా వండించి పెడతారు. మా ఓడ వంటింట్లో గోవా అబ్బాయి ఒకడు ఉన్నాడు. సాంబారు అడిగితే సాంబారులాంటిదే చేశాడు. పళ్లు మాత్రం ఎంత ముద్దొచ్చినా సంచిలో వేసుకుని రేవులో దిగకండి. ఆక్లాండ్‌లో ఒక్క ఆపిల్ పండు అధికారులకు ముందుగా చెప్పకుండా పట్టుకెళ్లి దొరికిపోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా కట్టాలి.

ఇక గడియారం. తూర్పుకు పోయే ఓడలో ప్రతి 15 డిగ్రీల రేఖాంశానికీ గంట ముందుకు జరపాలి. సిడ్నీ నుంచి వాంకూవర్ చేరేలోగా మొత్తం ఏడు గంటలు అలా జరగాలి. అంటే ఏడు రాత్రులు గంటేసి నిద్ర పోతుంది. పొద్దున ఏడింటి కాఫీకి జనమంతా ఎవరిమీదో కోపం వచ్చినట్టు వస్తారు. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు పడమటికి పోయే ఓడ ఎక్కాలి, అందులో రాత్రులు గంట పెరుగుతాయి. ఇలా కోసుకున్న గంటలకు బదులుగా దినరేఖ, అంటే పసిఫిక్ మధ్యలో తేదీ మారే గీత, దాటేటప్పుడు ఒక రోజు మొత్తం తిరిగిస్తారు. ఏ రోజు ఇవ్వాలో ప్రయాణికులను అడగరు. మాకు శనివారం ఇచ్చారు.

మొదటి శనివారం మా వారు నియమంగా ఉన్నారు. పొద్దున్నే కేబిన్లో స్నానం చేసి, ఫోనులో సుప్రభాతం పెట్టుకుని, పగలంతా మంచినీళ్లతో గడిపి, పొద్దుపోయాక ఫలహారం చేశారు. మర్నాడు లేస్తూనే ఆదివారమని ఉత్సాహంగా తయారై లిఫ్టెక్కారు. ఆ లిఫ్టులో నేలమీద వారం పేరు రాసిన పట్టా పరుస్తారు, సెలవులో మనిషికి వారం గుర్తుండదని. దానిమీద శనివారం అనే ఉంది. మార్చడం మరచిపోయారంటూ లిఫ్టులోని మనిషికి సలహా ఇచ్చారు మా వారు. పక్క లిఫ్టు చూశారు. అక్కడా శనివారమే. తలుపు కింద నుంచి వేసే ఓడ పత్రిక తెచ్చి చూపించాను, నిన్నటి తేదీ, నిన్నటి వారం. ముందురోజు సాయంత్రం స్పీకర్లో కెప్టెన్ చెప్పింది ఇదేనట. మేమప్పుడు ఉతుకుడు యంత్రం దగ్గర మా వంతు కోసం ఒక జర్మన్ దంపతులతో పోట్లాటలో ఉన్నాం.

"ఇవాళ శనివారం కాదు. నిన్న శనివారం చేశాను కదా" అన్నారు మా వారు.

"నిన్నా శనివారమే, ఇవాళా శనివారమేనండీ."

"అయితే మాత్రల డబ్బా ఏమంటోంది?"

వారం పేర్ల గడులున్న డబ్బాలో శనివారం గడి ఖాళీ. ఆదివారం గడి తెరిస్తే ఆదివారం మాత్ర లేకుండా పోతుంది. ఇది మాత్రం నవ్వులాటకు కాదు. దినరేఖ దాటేవాళ్లు బీపీ మాత్రలు, షుగరు మాత్రలు నాలుగు రోజులకు ఎక్కువే పట్టుకెళ్లాలి. నేను తెచ్చాను కాబట్టి ఆ పూట గండం గడిచింది. కడుపు సంగతి మిగిలింది.

ఓడలో ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పొద్దున ఆయన మాట్లాడేది దినరేఖ గురించేనంటే మా వారు అందరికన్నా ముందు వెళ్లి ముందు వరుసలో కూర్చున్నారు. 1884లో వాషింగ్టన్‌లో సమావేశమై లండన్ పక్కనున్న గ్రీనిచ్ మీదుగా పోయే నిలువు రేఖను సున్నాగా ఒప్పుకున్నారని, దానికి సరిగ్గా అవతలి పక్కన 180 డిగ్రీల రేఖ ఉందని ఆయన చెప్పాడు. దినరేఖ ఎక్కడ వంకర తిరగాలో చెప్పే అంతర్జాతీయ ఒప్పందమేదీ లేదు, ఏ దేశం తేదీ ఆ దేశం పెట్టుకోవడమే. సముద్రం మీద ఓడలో కెప్టెన్ చెప్పిందే తేదీ. 1522లో మాగెల్లాన్ అనే నావికుడి దండులో మిగిలిన విక్టోరియా ఓడ భూమిని చుట్టి వస్తూ ఆఫ్రికా పక్కనున్న కేప్ వర్డ్ దీవుల్లో ఆగితే, ఓడ లెక్కలో బుధవారం, ఒడ్డున గురువారం. రోజూ తప్పకుండా రాసుకున్న పిగాఫెట్టా అనే ఆయన తన లెక్క ఎక్కడ తప్పిందో తెలియక తెల్లబోయాడు. పసిఫిక్ దీవుల్లోని సమోవా దేశమైతే దినరేఖ అవతలి పక్కకు మారడానికి 2011 డిసెంబరు 30ని క్యాలెండర్లోంచే తీసేసింది. గురువారం పడుకున్నవాళ్లు శనివారం లేచారు. శనివారాన్ని సబ్బాతుగా, అంటే దేవుడి కోసం పని మానే రోజుగా పాటించే అక్కడి అడ్వెంటిస్టు క్రైస్తవుల్లో చాలామంది, పాత లెక్కనే పట్టుకుని ఇప్పుడు ఆదివారం పాటిస్తున్నారట.

మా వారు అక్కడే నా చెయ్యి గిల్లారు. "చూశావా, శనివారంతో ఇబ్బంది పడ్డది నేనొక్కణ్ణే కాదు" అన్నారు. ఉపవాసంలో ఉన్న మనిషికి తోడు దొరికితే ఎంత బలమో.

పది గంటలకు తెనాలిలో శాస్త్రిగారికి వాట్సాప్ చేశారు. ఓడలో ఇంటర్నెట్‌కు వేరే డబ్బు కట్టాలి. ఫోను విమానం మోడ్‌లో పెట్టుకుని ఆ ఇంటర్నెట్ మీదే మాట్లాడాలి. లేకపోతే ఓడ టవరు పట్టుకుని వచ్చే బిల్లుతో ఇంకో టిక్కెట్టు కొనుక్కోవచ్చు. మా వారు ఇవన్నీ చూసుకున్నారు గానీ తెనాలిలో అప్పుడు తెల్లవారుజాము రెండున్నర అని చూసుకోలేదు.

"క్షేమమేనా?" అన్నారు శాస్త్రిగారు, అర్ధరాత్రి ఫోను వస్తే ఎవరైనా అనేట్టుగానే.

"క్షేమమే శాస్త్రిగారూ. ఇవాళ ఏ వారమో చెప్పండి."

అటు నుంచి చాలా సేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మా వారు దినరేఖ, గ్రీనిచ్, మాగెల్లాన్ అంతా వివరించారు. శాస్త్రిగారు మాగెల్లాన్ గోత్రం అడగలేదు గానీ మిగిలినవన్నీ అడిగారు. ఆఖరికి తేల్చారు. "నా దగ్గరున్న పంచాంగం ఈ ఊరిది. వారం మారేది సూర్యోదయానికి, అర్ధరాత్రికి కాదు. ఇక్కడ ఇంకా సూర్యోదయం కాలేదు కాబట్టి ఇంకా శనివారమే. మీరు ఈ ఊరి లెక్కన పోతారో, ఆ కెప్టెన్ లెక్కన పోతారో మీ ఇష్టం. నన్ను పడుకోనివ్వండి."

కెప్టెన్ లెక్కన పోతే రాత్రి దాకా పస్తు. తెనాలి లెక్కన పోతే, అక్కడ ఆరు కొట్టడానికి పది నిమిషాల ముందు సూర్యోదయం, ఓడలో మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. మా వారు క్షణం తడుముకోలేదు. పుట్టిన ఊరు తెనాలి, పెరిగిన ఊరు తెనాలి, పసిఫిక్ మధ్యలో ఉన్నా తనకు వర్తించేది తెనాలే అన్నారు.

లెక్క నేనూ వేశాను. ఊరుకోవలసింది అనుకోను, భార్య అన్నాక నిజం చెప్పాలి. "అలా అయితే నిన్న కూడా మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై దాకా తెనాలిలో శుక్రవారమేనండీ. నిన్న పొద్దున టిఫిను అనవసరంగా మానేశారు."

ఆయన ముఖం చూడాలి. నిన్న పొద్దున బఫేలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే చెప్పించుకున్నారు నాతో.

ఒంటిగంట నుంచే పళ్లెం నింపుకుని బల్ల దగ్గర కూర్చున్నాం. ఎదురుగా రోజూ మాతో కూర్చునే బ్రిస్బేన్ దంపతులు. పళ్లెం ముందు పెట్టుకుని ముట్టుకోకుండా వాచీ చూసుకుంటున్న మనిషిని చూసి ఏమిటని అడిగారు. మా ఊళ్లో తెల్లవారాలి అన్నారు మా వారు. వాళ్లు చాలా మర్యాదస్తులు. తమ ఫోర్కులు కూడా కింద పెట్టేశారు. పక్క బల్లవాళ్లకు సంగతి తెలిసింది, వాళ్లూ వాచీలు చూడటం మొదలుపెట్టారు. మా ఎదురుగా ఉన్న బ్రిస్బేన్ ఆవిడకైతే అది రెండో పుట్టినరోజట, నిన్నొకటి, ఇవాళొకటి. కేకు ముక్క మా వారి పళ్లెంలో పెట్టి, తెనాలిలో తెల్లవారగానే తినమంది.

"తెనాలిలో మబ్బు పట్టి ఉంటేనో?" అన్నారు మా వారు ఒంటిగంటా పదిహేనుకు.

"పంచాంగానికి మబ్బులతో పని లేదండీ, కూర్చోండి."

ఒంటిగంటా ఇరవై అయింది. ఆ మూల బల్లలన్నీ చప్పట్లు కొట్టాయి. ఎందుకో తెలియకపోయినా వడ్డించేవాళ్లూ కొట్టారు. ఆ తర్వాత రెండు గంటలు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రానికి అలలు లేచి ఓడ ఊగడం మొదలైతే, ఖాళీ కడుపు మంచిది కాదన్నవాళ్లు మరీ నిండిన కడుపు గురించి ఎందుకు చెప్పలేదని నన్నడిగారు. ఓడలో డాక్టరు ఉంటాడు, కానీ డాలర్లలో పుచ్చుకుంటాడు. ప్రయాణ బీమా లేకుండా ఎక్కకండి. మేము అల్లం మురబ్బాతో నెట్టుకొచ్చాం.

భూమధ్యరేఖ దాటిన రోజు ఇంకో తతంగం ఉంది. సముద్రరాజు వేషం వేసుకున్న మనిషి ముందుకు వెళ్లి, మొదటిసారి రేఖ దాటేవాళ్లు చచ్చిన చేపను ముద్దు పెట్టుకోవాలి. మా వారు చేపకు నమస్కారం పెట్టారు. అదీ చెల్లుతుందన్నారు. పత్రం ఇచ్చారు, ఇంట్లో ఫ్రేము కట్టించి ఉంది.

దిగే ముందురోజు కేబిన్‌కు ఖర్చుల చిట్టా వచ్చింది. పనివాళ్ల బహుమానం కింద రోజుకు మనిషికి ఇంత అని ఓడవాళ్లే లెక్క కట్టి వసూలు చేస్తారు, టిక్కెట్టు కొనేటప్పుడే ఇది కలిపి చూసుకోవాలి. మా వారు అద్దాలు పెట్టుకుని చూస్తే ఒకే తేదీకి రెండుసార్లు పడింది. కాగితం తీసుకుని తిన్నగా కింది డెక్కులో బల్ల దగ్గరికి వెళ్లారు. అక్కడి అమ్మాయి నవ్వుతూ, "శనివారాలు రెండు వచ్చాయి కదా సార్, రెండు రోజులూ భోజనం చేశారు కదా" అంది.

"చేయలేదు. మొదటి శనివారం పగలు ఉపవాసం. రెండో శనివారం మధ్యాహ్నం తిన్నమాట నిజమే, కానీ అప్పటికి ఆదివారం వచ్చేసింది" అన్నారు మా వారు.

ఆ అమ్మాయి కంప్యూటర్ వైపు ఒకసారి, మా వారి వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి మేనేజరును పిలుచుకొచ్చింది. మా వారు కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకు తెనాలి తెలుసా?" అని మొదలుపెట్టారు.