ముందు బడి, తర్వాత ఇల్లు, ఆఖరున ఆఫీసు

"హైదరాబాద్‌కు మారుతున్నాం, ఇద్దరు చిన్నపిల్లలు, ఏ ఏరియా బాగుంటుంది?" అని ఎవరు అడిగినా వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చేశాయి. కొండాపూర్ అంటారు, నల్లగండ్ల అంటారు, డబ్బుంటే కోకాపేట అంటారు. గేటెడ్ కమ్యూనిటీ అయితే ఇంకేమీ చూడనక్కర్లేదంటారు. ఇలా చెప్పేవాళ్లలో సగం మంది తమ ఆఫీసు ఎక్కడుందో చెబుతున్నారు తప్ప పిల్లల సంగతి చెప్పడం లేదు. మిగతా సగం మందికి తాము కొన్న ఫ్లాటు ధర పడిపోకూడదన్న ఆరాటం.

మేము బెంగళూరు నుంచి వచ్చినవాళ్లం. వచ్చేనాటికి మా వాడికి అయిదేళ్లు, పాపకు రెండు. మా ఆయన ఆఫీసు నగరానికి పడమరన ఉన్న రాయదుర్గంలో, నా పని చాలావరకు ఇంటి నుంచే. అందరూ ఆ పడమర వైపే చూపిస్తుంటే మేము తూర్పున తార్నాకలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. "అక్కడ రిటైరైన సైంటిస్టులు తప్ప ఎవరుంటారమ్మా?" అన్నారు మా బాబాయి. నిజమే, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ, పోషకాహార సంస్థ లాంటి పరిశోధన సంస్థలన్నీ ఆ చుట్టుపక్కలే కాబట్టి అలాంటి పెద్దవాళ్లు ఉన్నారు. సాయంత్రం అయిదింటికి గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, వీధిలో ఎవరి పిల్లలు ఎటు పరుగెడుతున్నారో చూసే తాతలూ అమ్మమ్మలూ ఉన్న వీధి దొరకడం ఈ రోజుల్లో ఎంత అదృష్టమో బాబాయికి ఎలా చెప్పాలి! ఆయన పిల్లలు పెద్దవాళ్లయి చాలాకాలమైంది.

నా వాదన ఒక్కటే. ఆరేడేళ్ల లోపు పిల్లలుంటే ముందు బడి చూసుకోండి, ఆ బడికి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు చూసుకోండి, ఆఫీసు దూరాన్ని మీరు భరించండి. పెద్దవాళ్లకు మెట్రో ఉంది, చెవుల్లో పాటలున్నాయి, ఆలస్యమైతే ఫోను చేసి చెప్పుకునే నోరుంది. యూకేజీ పిల్లకు ఉన్నది బస్సు సీటు, ఒళ్లో సంచి, ఆపుకోవాల్సిన మూత్రం.

నమ్మకం లేకపోతే పడమటి వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంటు గేటు దగ్గరైనా ఉదయం ఏడు గంటలకు నిలబడి చూడండి. పసుపు బస్సులు వరుసగా వస్తాయి. నిద్ర కళ్లతో, సరిగ్గా ఆరని జుట్టుతో, ఒక చెంపలో నమలని ఇడ్లీ ముక్కతో పిల్లలు ఎక్కుతారు. కొందరిని ఆయా చంకలో ఎత్తుకుని సీట్లో కూర్చోబెడుతుంది. బస్సు మలుపు తిరిగేలోపు ఆ తల కిటికీకి ఆనుతుంది. మ్యాపులో ఆ బడి ఎనిమిది కిలోమీటర్లే చూపిస్తుంది. కానీ బస్సు మ్యాపు ప్రకారం వెళ్లదు, ఒక్కో గేటు దగ్గరా ఆగుతూ వెళ్తుంది. మొదట ఎక్కినవాళ్లు గంటకు పైగా అందులోనే ఉంటారు, మధ్యాహ్నం చాలాసార్లు చివర దిగేదీ వాళ్లే. అడ్మిషన్ కౌంటరు దగ్గర ఈ సంగతి ఎవరూ చెప్పరు. "మా పాయింటు రూటులో ఎన్నోది?" అని రవాణా చూసే ఉద్యోగిని మీరే అడగాలి. ఆ ప్రశ్నకు తడుముకున్నారంటే జవాబు మీకు అర్థమైనట్టే.

2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం రాసిన నమూనా నిబంధనలు ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు బడి కిలోమీటరు లోపల, నడిచి వెళ్లే దూరంలో ఉండాలంటాయి. అది ప్రభుత్వం పాటించాల్సిన కొలత అనుకుని మనం వదిలేశాం. ప్రైవేటు బడికి డబ్బు కట్టే తల్లిదండ్రులు ఆ కొలత తమకోసం కూడా వాడుకోవచ్చు కదా! ఎల్‌కేజీకి ఈత కొలను, గుర్రపు స్వారీ ఎందుకు? తరగతిలో ఎంతమంది ఉన్నారు, టీచర్లు ఏటా మారిపోతున్నారా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, ఈ మూడూ చూస్తే చాలు. ఐఐటీ కోచింగు పేరు బోర్డు మీద కనిపించే కిండర్‌గార్టెన్ గురించి నేను మాట్లాడను, రక్తపోటు పెరుగుతుంది.

ఇక గేటెడ్ కమ్యూనిటీ. లోపల ఉయ్యాలలుంటాయి, కార్ల భయం తక్కువ, కాదనను. కానీ బ్రోచర్లో పచ్చగా కనిపించేది నేల మీద ఎక్కడుందో వెతకండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఆకాశహర్మ్యం కట్టే స్థలంలో కనీసం పదో వంతు పచ్చదనానికి, పిల్లల ఆటకు వదలాలి. ఆ పదో వంతు కాగితం మీద లెక్కకు వస్తుంది, బంతి ఆడటానికి రాదు. ప్రహరీ పొడవునా సన్నటి గడ్డి పట్టీ, దాని మీద "గడ్డిపై నడవరాదు" అనే బోర్డు! 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్న నేల మీద పిల్లలు పరుగెత్తడానికి ఎవరు ఉదారంగా చోటు వదులుతారు? ఆ డబ్బు రాబట్టుకోవడానికి అంతస్తులు పైకి లేస్తాయి. ముప్పయ్యో అంతస్తు నుంచి ఆడుకోవడానికి దిగాలంటే లిఫ్టు, లిఫ్టుకు తోడుగా పెద్దవాళ్లు, పెద్దవాళ్లకు తీరిక. ఆ తీరిక శనివారానికి గానీ దొరకదు.

"ఔటర్‌కు పది నిమిషాలు" అని గొప్పగా వేసే ప్రకటనలు మరీ విడ్డూరం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకే అనుమతి లేదు. నాలుగేళ్ల పిల్లకు దానితో ఏం పని?

నేను ఏ ఇల్లు చూడబోయినా ముందు పాపను చేయి పట్టుకుని గేటు నుంచి దగ్గర్లోని పాల దుకాణం దాకా నడిచేదాన్ని. ఫ్లాటు లోపల ఎన్ని అల్మారాలున్నాయో తర్వాత చూడవచ్చు. ఆ నడకలో ఏరియా తన గుణం తానే చెప్పేస్తుంది. ఒకచోట కాలిబాట బాగానే మొదలై ఇరవై అడుగుల తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర ఆగిపోయింది. దాని చుట్టూ కంచె లేదు, పాప చేయి చాపితే అందేంత దగ్గర. దాన్ని తప్పించుకుని రోడ్డు మీదికి దిగితే ఎదురుగా తప్పు దారిలో డెలివరీ బండి, పక్కన ఎవరో కట్టుకుంటున్న ఇంటి ఇసుక కుప్ప, ఆ పక్కన మురుగు కాలువ మీద ఒక బండ ఉంది, ఒక బండ లేదు. ఇల్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు మాత్రం "మేడం, మాడ్యులర్ కిచెన్ చూశారా?" అంటున్నాడు.

పాత కాలనీలు స్వర్గమని నేను అనడం లేదు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు మీద వెళ్తున్న పన్నెండేళ్ల పాప తెరిచి ఉన్న నాలాలో (వాననీటి కాలువలో) పడి ప్రాణాలు కోల్పోయింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. తార్నాక నుంచి ఈ రెండూ దూరం కాదు. అందుకే ఏరియా పేరు చూసి ఇల్లు తీసుకోకూడదంటాను. ఒకే కాలనీలో ఒక వీధి పిల్లలకు పనికొస్తుంది, పక్క వీధి పనికిరాదు. రాత్రి ఎనిమిదింటికి వీధి దీపాలు వెలుగుతున్నాయా, చెత్త కుప్ప ఎక్కడుంది, దాని చుట్టూ కుక్కలెన్ని, నాలా మీద మూత ఉందా, ఇవన్నీ వీధి వీధికీ మారతాయి. ఫంక్షన్ హాలుకు రెండిళ్ల అవతల ఇల్లు దొరికితే వదిలేయండి. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పదకొండింటికి బరాత్ డప్పులకు ఉలిక్కిపడి లేచిన రెండేళ్ల పాపను మళ్లీ పడుకోబెట్టడం ఎలాంటిదో చేసినవాళ్లకే తెలుస్తుంది.

నీళ్ల సంగతి యజమానిని అడగకండి, వాచ్‌మన్‌ను అడగండి. "ఏప్రిల్లో ట్యాంకర్లు వస్తాయా?" అంటే యజమాని "బోరు ఎప్పుడూ ఎండలేదు" అంటారు. వాచ్‌మన్ "ఎండాకాలమంతా ట్యాంకర్లేనమ్మా" అంటాడు. ఆ ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సులో మీ నెత్తినే పడుతుంది. నగర పరిధిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల పథకం 2021లో మొదలైంది, కానీ నగరానికి నీళ్లిచ్చే జలమండలి కుళాయి లేని కొత్త భవనానికి ఆ ఉచితం ఎక్కడి నుంచి వస్తుంది? పసిపిల్లలున్న ఇంట్లో నీళ్లు ఎంత ఖర్చవుతాయో చెప్పక్కర్లేదు. వానల సంగతి కూడా అంతే. నిజాంపేట భండారీ లేఅవుట్ 2016 సెప్టెంబరులో మునిగింది, టోలిచౌకి నదీం కాలనీ 2020 అక్టోబరులో మునిగింది. చెరువు చుట్టుపక్కల ఎత్తు తక్కువ నేలలో గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కింది దుకాణం గోడ మీద పాత నీటి చార కనిపిస్తే, నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయని దుకాణదారుణ్నే అడగండి.

యజమానుల గురించి ఒక్క మాట, ఎక్కువ చెబితే తిట్లు వస్తాయి. కులం నేరుగా అడగలేక ఇంటిపేరు, ఊరు, "అక్కడ మీ బంధువులెవరు?" అంటూ చుట్టూ తిరిగే పెద్దమనుషులు పాత కాలనీల్లో ఇంకా ఉన్నారు. అలాంటి ఇల్లు ఎంత బాగున్నా మేము లేచి వచ్చేశాం. పిల్లలు పెరిగేది ఆ మాటల మధ్యే కదా.

నా సూత్రం తిరగబడే సందర్భం కూడా ఉంది. మూడేళ్ల లోపు బిడ్డ ఒక్కరే ఉండి, తల్లి ఆఫీసుకు వెళ్లక తప్పనప్పుడు ఆఫీసు పక్కనే ఇల్లు తీసుకోండి. 2017 ప్రసూతి చట్ట సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పసిపిల్లలను చూసుకునే కేంద్రం) ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. అయితే ఆ క్రెష్ నిజంగా ఆఫీసు భవనంలో ఉందా, లేక కాగితం మీద ఎక్కడో ఒప్పందం చేసుకున్నారా అన్నది ఉద్యోగంలో చేరకముందే తేల్చుకోవాలి. చేరాక అడిగితే హెచ్ఆర్ వాళ్లకు మీ మెయిల్ కనిపించదు.

మా ఆయన ప్రయాణం సంగతి చాలామంది జాలిగా అడుగుతారు. నాగోలు–రాయదుర్గం మెట్రో తార్నాక మీదుగా వెళ్తుంది, ముప్పావు గంటకు అటూ ఇటూగా దింపుతుంది. అమీర్‌పేట దగ్గర ఊపిరాడదు, నిజమే. అయినా రాయదుర్గంలో దిగి నడిచి ఆఫీసుకు వెళ్తారు. ఆ లైను 2019లో రాయదుర్గం దాకా వచ్చి అక్కడే ఆగింది కాబట్టి ఇంకా అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసేవాళ్లకు ఈ లెక్క ఇంత సులువుగా కుదరదు. అలాంటివాళ్లు లింగంపల్లి, చందానగర్ పాత కాలనీలు చూడండి. అక్కడ రైలు, బస్సులు, కూరగాయల మార్కెట్టు ఉన్నాయి, వీధుల్లో పిల్లల అలికిడీ ఉంది. బస్సు వచ్చే చోటు అయితే ఇంట్లో పనికి వచ్చే ఆమెకు కూడా సుఖం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ సాధారణ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. బస్సే రాని చోటికి ఆమె ఆటోకు డబ్బు పెట్టుకుని ఎందుకు వస్తుంది?

మావాడికి బెంగళూరులో తెలుగు మా ఇద్దరితో మాత్రమే ఉండేది. ఇక్కడ వీధిలో గోళీలాటలో ఓడిపోయి, వాదించడానికి మాటలు వెతుక్కుని, నెల తిరక్కుండానే ఎదురు తిట్టడం నేర్చుకుని వచ్చాడు. అత్తయ్య ముచ్చటపడ్డారు, నేను కోప్పడినట్టు నటించాను.

కొనడం గురించి తొందరపడకండి. ఒక జూన్ నుంచి మరో జూన్ దాకా అద్దెకు ఉండి చూడండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, ఒక విద్యా సంవత్సరం గడిస్తే ఆ ఏరియా మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో అడ్వాన్సు మామూలుగా రెండు నెలల అద్దె, బెంగళూరుతో పోలిస్తే మారడం తేలిక. ఇల్లు మారవచ్చు గానీ బడి సీటు మాత్రం ఆగదు. పేరున్న బడుల్లో వచ్చే జూన్ సీట్లకు దరఖాస్తులు దసరా, దీపావళి నాటికే మొదలవుతాయి. కాబట్టి మారే ఆలోచన ఉంటే ఇంటి యాప్‌లు పక్కన పెట్టి, దీపావళి సెలవుల్లో ఒకసారి వచ్చి బడులు చూసి వెళ్లండి. తార్నాక, హబ్సిగూడ వైపు బడుల గురించి అడగాలనుకుంటే కామెంట్లో అడగండి, తెలిసినంత చెబుతాను. కోకాపేట ఫ్లాటు అమ్మేవాళ్లు మాత్రం దయచేసి ఇన్‌బాక్సులోకి రావద్దు.