‘ఓకే’ అంటే దేనికి ఓకే?

ఆర్డర్ వద్దనుకుని మీట నొక్కగానే తెరపై చిన్న పెట్టె తెరుచుకుంటుంది: ‘ఆర్డర్ క్యాన్సిల్ చేయాలా?’ కింద రెండు బటన్లు. ఒకటి ‘ఓకే’, రెండోది ‘క్యాన్సిల్’. రెండోది నొక్కితే పోయేది ఆర్డరా, ఆ పెట్టెనా? ‘ఆర్డర్ రద్దు చేయి’, ‘ఆర్డర్ ఉంచు’ అని రాసుంటే పై ప్రశ్న చదవకపోయినా పని అయిపోయేది.

బటన్ల మీద చర్చ మొదలైతే సగం పొద్దు రంగులు, నీడల దగ్గరే గడిచిపోతుంది. అవి అక్కర్లేదని కాదు. 2013లో ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 7 చాలా బటన్ల చుట్టూ గీతలు తీసేసి ఉత్త అక్షరాలు మిగిల్చింది. ఏది బటనో, ఏది మామూలు రాతో తెలియట్లేదన్న విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాది 7.1లో బటన్ల ఆకారం చూపించే సెట్టింగ్‌ను యాపిల్ చేర్చింది. పరిమాణానికీ కొలతలున్నాయి: వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్లకూ అందాలని రాసిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు కొన్ని మినహాయింపులతో కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు కోరతాయి. గూగుల్ డిజైన్ మార్గదర్శకమైన మెటీరియల్ డిజైన్ 48 డీపీ (ఏ తెర మీదైనా దాదాపు ఒకే సైజులో కనిపించేలా వాడే కొలత) అంటుంది. కొలత పాటించడం తేలికే, మాట దొరకడమే కష్టం. నొక్కాక ఏం జరుగుతుందో ముందు తయారుచేసేవాళ్లకు తేలాలి కదా! చెల్లింపు పేజీలో ‘కొనసాగించు’ అని ఉంటే డబ్బు ఇప్పుడే పోతుందా, ఇంకో పేజీ ఉందా?

నాకు మరీ చిరాకు తెప్పించేది ఫారం చివర వెలిసిపోయినట్టుండే బూడిద రంగు బటన్. అన్నీ నింపినా కదలదు, ఏ గడిలో తప్పుందో చెప్పదు. దాన్ని నొక్కనిచ్చి, తప్పున్న గడి దగ్గరికి తీసుకెళ్లి, కారణం పక్కనే రాస్తే గొడవే ఉండదు. ‘చెల్లించు’ నొక్కిన తర్వాత మాత్రం బటన్‌ను ఆపి, ‘చెల్లింపు జరుగుతోంది’ అని చూపాల్సిందే. లేకపోతే ఉలుకూ పలుకూ లేదని మళ్లీ నొక్కుతారు.

‘నిజంగానే తొలగించాలా?’ అని అస్తమానం అడగడం కూడా రక్షణ కాదు. అలవాటైన వేలు చదవకుండానే ‘అవును’ మీదికి పోతుంది. మెయిల్ పంపేటప్పుడు జీమెయిల్ మామూలుగా ‘నిజంగానే పంపాలా?’ అని అడగదు. పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకోవడానికి 5 నుంచి 30 సెకన్ల దాకా గడువు ఇస్తుంది. వెనక్కి తీసుకోలేని పనులకే ప్రశ్న దాచుకోవాలి.

ఇదంతా చేతకాక జరిగే తప్పుల సంగతి. వాడేవాళ్లను తప్పుదోవ పట్టించడానికి కావాలని చేసేవి వేరు. వాటికి డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లోనే ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. చందా రద్దు చేసే లింకు పేజీ అడుగున కనీకనిపించని అక్షరాల్లో ఉంటే డిజైనర్‌కు పని రాదనుకోవద్దు. అదే సైట్‌లో ‘ఇప్పుడే కొనండి’ ఎంత పెద్దగా, ఎంత స్పష్టంగా ఉందో చూడండి.