సమాచారం కోసమేనట!

కొత్తగా వేసిన తారు రోడ్డు మీద రాడార్ బండి నడిపిస్తారు. తారు, కంకర మిశ్రమం ఎక్కడ గట్టిగా కుదురుకుందో, ఎక్కడ గుల్లగా మిగిలిందో అది రంగుల్లో గీసి చూపిస్తుంది. గుల్లగా ఉన్న చోటు ఎర్రగా కనిపిస్తుంది. ఆ పటం కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది: ‘సమాచారం కోసం మాత్రమే’. బిల్లు మాత్రం పాత పద్ధతిలోనే వెళ్తుంది. నాలుగైదు చోట్ల కోర్లు, అంటే రోడ్డును తొలిచి తీసే గుండ్రటి ముక్కలు తీసి, వాటిని తూచి, సరిపోయిందని రాసి సంతకం పెట్టేస్తారు. చూడగలిగే యంత్రాన్ని తెచ్చుకుని, అది చూసింది మాత్రం లెక్కలోకి రాదని ముందే రాసిపెట్టుకోవడం ఏ రకం నిజాయితీ?

తారు రోడ్డుకు సాంద్రతే ప్రాణం. మిశ్రమంలో గాలి అన్నదే లేకపోతే ఎంత సాంద్రత ఉండేదో, అందులో 92, 93 శాతమైనా రోలర్ కింద రావాలి. అంటే గాలి ఖాళీలు 7, 8 శాతం దగ్గరే ఆగాలి. 8 దాటితే ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసిపోయి నీళ్లకు దారి ఇస్తాయన్నది 1962లో కాలిఫోర్నియాలో చేసిన పరీక్షల నాటి మాట. 7 శాతం దాటాక పెరిగే ఒక్కో శాతానికీ రోడ్డు ఆయుష్షు సుమారు 10 శాతం తగ్గుతుందని 1989లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఇవేవీ రహస్యాలు కావు. సంతకాలు పెట్టేవారందరూ చదువుకున్నవే.

ఇప్పుడు కోర్ల లెక్క చూద్దాం. మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒక వరుస, కిలోమీటరు పొడవు. మొత్తం 3,500 చదరపు మీటర్లు. అందులో 150 మిల్లీమీటర్ల వ్యాసంతో అయిదు కోర్లు తీస్తే, అన్నీ కలిపి చదరపు మీటరులో పదో వంతు కూడా కాదు. దాదాపు 40,000 వంతుల్లో ఒక వంతు చూసి మిగతా అంతా బాగుందని తీర్పు చెబుతున్నాం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా అంటారేమో. ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికినదానికి ఆ సామెత వర్తిస్తుంది. రోడ్డు అలా తయారు కాదు. లారీ అంచుల్లో మిశ్రమం ముందే చల్లారుతుంది. తర్వాతి లారీ కోసం మిశ్రమాన్ని పరిచే యంత్రం పేవర్ ఆగిన ప్రతిసారీ ఒక చల్లటి పట్టీ మిగిలిపోతుంది. వేడి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు దిగాక రోలర్ ఎన్నిసార్లు తిప్పినా పెద్దగా ఫలితం ఉండదు. ఇక రెండు వరుసలు కలిసే జాయింటు దగ్గర సాంద్రత తక్కువగా ఉంటుందని ఈ పనిలో ఉన్నవారికి ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు పగిలేది ఇలాంటి చోట్లే. కోర్ యంత్రం సరిగ్గా అక్కడే దిగాలంటే అదృష్టం కావాలి, లేదా దింపేవాడికి మనసుండాలి.

పేవర్ వెనక వేడి తేడాలను చూపే పరారుణ కెమెరా పెడితే ఆ చల్లటి మచ్చలు అప్పటికప్పుడే తెరమీద కనిపిస్తాయి. పక్కపక్క భాగాల మధ్య తేడా 14 డిగ్రీలు దాటిందంటే అనుమానించాల్సిందే. రోలర్ పని అయ్యాక రాడార్ వంతు. దాని సూత్రం చాలా సులువు. విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరును డైఎలెక్ట్రిక్ విలువ అంటారు. గాలికి అది 1. బాగా అణిగిన తారు మిశ్రమానికి ఇంచుమించు 5. మిశ్రమంలో గాలి ఎక్కువైతే ఆ విలువ పడిపోతుంది. ముందు లోహపు పలక మీద తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన బలాన్ని కొలుస్తారు. తర్వాత రోడ్డు మీద పంపి దానితో పోలుస్తారు. మూడు సెన్సార్ల బండి 15 సెంటీమీటర్లకు ఒక రీడింగ్ తీసుకున్నా, కిలోమీటరుకు 20,000 రీడింగులు వస్తాయి. రోడ్డుకు ఒక్క చిల్లు కూడా పడదు. అటు ఇరవై వేలు, ఇటు అయిదు. బిల్లు చెల్లించేది ఆ అయిదింటిని చూసి!

రాడార్ కొలిచేది సాంద్రతను కాదనీ, కంకర రకం మారినా, రోలర్ చల్లిన నీళ్లు పైన మిగిలినా రీడింగ్ మారుతుందనీ అభ్యంతరం ఉంది. నిజమే. నీటి డైఎలెక్ట్రిక్ విలువ 80 దాకా ఉంటుంది కాబట్టి తడి రోడ్డు మీద కొలవకూడదు. మిశ్రమం మారినప్పుడల్లా కొన్ని కోర్లతోనో, ల్యాబ్‌లో అణిచిన దిమ్మలతోనో సరిచూసుకోవాలి. కోర్లు అసలే వద్దని మేమూ అనడం లేదు.

కానీ ఈ అభ్యంతరం చెప్పేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఎన్నో ఏళ్లుగా నమ్ముతూ వచ్చిన న్యూక్లియర్ గేజ్ కూడా సాంద్రతను నేరుగా కొలవదు. సీజియం-137 నుంచి వెలువడే గామా కిరణాల్లో ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టి, దాన్నిబట్టి అంచనా వేస్తుంది. దాన్నీ కోర్లతో సరిచూడాల్సిందే. దానికి లైసెన్సు కావాలి, తాళం వేసిన పెట్టె కావాలి, పనిచేసేవాళ్లు రేడియేషన్ బ్యాడ్జి పెట్టుకోవాలి. ఇంత తంటా ఉన్న పరోక్ష కొలతకు లేని ఇబ్బంది రాడార్‌కే ఎందుకొచ్చింది? మాకు తోస్తున్న కారణం ఒక్కటే. గేజ్ పెట్టిన చోటే కొలుస్తుంది. రాడార్ అలా కాదు, నడిచినంత మేరా చెప్పేస్తుంది. ఎక్కడ పెట్టాలో ఎంచుకునే వెసులుబాటు అందులో లేదు.

పద్ధతి కొత్తదనే సాకు కూడా నిలవదు. ఫిన్లాండ్‌లో తారు రోడ్ల గాలి ఖాళీలను రాడార్‌తో తనిఖీ చేయడం 1990లలోనే మొదలైంది. అమెరికా రాష్ట్రాల హైవే అధికారుల సంఘం ఆష్టో తాత్కాలిక ప్రమాణం రూపంలో ఈ కొలత విధానాన్ని రాసిపెట్టింది. కావాల్సిన పుస్తకం ఉంది, యంత్రం ఉంది, మనుషులున్నారు. ఒప్పందంలో ఒక్క వాక్యం మార్చే ధైర్యం దగ్గరే వ్యవహారం ఆగిపోయింది.

ఆ వాక్యం అలాగే ఉంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పటం బాగుంటే ఆధునిక నాణ్యత పరీక్షలు చేశామని చెప్పుకుంటారు. నిండా ఎర్ర మచ్చలుంటే అది ‘సమాచారం’ అయిపోతుంది. మెచ్చుకోలుకు సాక్ష్యం, తప్పు దగ్గరకొచ్చేసరికి సమాచారం! అసలు యంత్రమే లేని రోజుల్లో తెలియలేదన్న మాటకైనా అర్థముండేది. ఇప్పుడు తెలిసి కూడా పక్కన పెడుతున్నాం. రేపు వంతెన స్లాబుకైనా, సొరంగం గోడకైనా ఇదే ముక్క తగిలిస్తే కాదనే హక్కు ఎవరికుంటుంది? చూసినదాన్ని చూడనట్టు ఉండొచ్చని ఒక్క చోట ఒప్పుకుంటే, ఆ వెసులుబాటు అందరికీ కావాలి.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. కోర్లు ఎక్కడ తీయాలో రాడార్ పటమే చెప్పాలి, అందులో అన్నిటికంటే ఎర్రగా ఉన్న చోటు తప్పనిసరిగా ఉండాలి. బిల్లులో కోతను అయిదు ముక్కల సగటుకు కాకుండా, పరిమితి కంటే తక్కువ పడిన విస్తీర్ణానికి ముడిపెట్టాలి. జాయింట్ల లెక్క విడిగా చూపాలి. పటాన్ని ఆ రోడ్డు వాడే జనం చూడగలిగే చోట పెట్టాలి. అంతవరకూ చేయలేమంటే కనీసం ఇంకో పని చేయండి. బిల్లు మీద సంతకం పెట్టే అధికారి, ఆ పటం చూసి పెట్టారో, చూడకుండా పెట్టారో సంతకం పక్కనే రాయాలి. చూడకుండా పెడితే ఆ బండి ఎందుకు నడిపించారు? చూసి కూడా పెట్టారంటే, ఆ ఎర్ర మచ్చల మీద గుంత పడిన రోజున ఎవరి దగ్గరికి రావాలో కూడా అక్కడే రాయండి.