పడిన బోరునే లెక్కపెడితే

మా చిన్నాయన బత్తాయి తోటలో నాలుగో బోరు వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. నీళ్లు చూసే పెద్దమనిషి పీచు తీయని కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని చెట్ల మధ్య నడిచాడు. ఒకచోట కాయ నిట్టనిలువుగా లేచింది. అక్కడ రాయి పాతి, పసుపు కుంకుమ చల్లారు. తెల్లవారేసరికి బోరు బండి ఐదు వందల అడుగులు దాటింది. తెల్లటి దుమ్ము తప్ప తడి కనిపించలేదు. “పక్క ఊరిలో ఈయన చూపిన చోట మూడంగుళాల నీళ్లు పడ్డాయిరా” అన్నాడు చిన్నాయన, ముఖం మీది దుమ్ము తుడుచుకుంటూ. మనసులో ఐదో బోరుకు అప్పటికే సిద్ధమైపోయాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పక్క ఊరిలో నీళ్లు నిజంగానే పడ్డాయి. అయితే అది లెక్కలో పావు వంతే. చూపిన చోట పడినవి ఎన్ని, చూపినా పడనివి ఎన్ని, చూపకుండా వేసినా పడినవి ఎన్ని, చూపకుండా వేసి ఎండినవి ఎన్ని? ఈ నాలుగూ పక్కపక్కన పెడితే తప్ప కొబ్బరికాయ గొప్పతనం తేలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలల కింద ఎక్కువగా ఉండేది గట్టి రాయి. పైనున్న మెత్తబడిన పొరలోనో, లోపలి పగుళ్లలోనో నీరు దొరుకుతుంది. ఎవరూ చూపకపోయినా కొన్ని బోర్లు పడతాయి. ఆ పడిన వాటికి కూడా కాయ పేరే వస్తుంది. ఎండిన బోరు గురించి బస్టాండు హోటల్లో ఎవరూ చెప్పుకోరు.

1980ల చివర్లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఇదే విద్యను పరీక్షించారు. కొట్టంలో కింది అంతస్తులో నీటి పైపును అటూ ఇటూ జరుపుతూ, అది ఎక్కడుందో పై అంతస్తు నుంచి చెప్పమన్నారు. ఏరి తెచ్చిన 43 మంది 843 సార్లు ప్రయత్నించారు. వారిలో కొందరికి ఆ శక్తి ఉందని నిర్వాహకులు ప్రకటించారు. ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త 1999లో అవే అంకెలను మళ్లీ తిరగేసి, ఊరికే ఊహించి చెప్పినా దాదాపు అంతే వస్తుందని తేల్చారు. చదువుకున్నవారు కూడా పడిన బోర్లనే ఏరి చూశారన్నమాట.

కార్యాలయాల్లో నిర్ణయాలు చెడేది ఇక్కడే అని నా నమ్మకం. “ఫలానా బ్రాంచిలో ఈ పద్ధతితో వసూళ్లు పెరిగాయి, మనమూ చేద్దాం” అంటారు. అదే పద్ధతి పాటించి నష్టపోయిన బ్రాంచి వాళ్లను ఆ సమావేశానికి ఎవరూ పిలవరు. తెలివితేటలు తక్కువై కాదు, ముందుకు రాని విషయాన్ని వెతికే అలవాటు లేక తప్పులు జరుగుతాయి.

నేనూ ఆ తప్పు చేశాను. ధాన్యం కొనుగోలు కేంద్రంలో రెండు సీజన్లు లెక్కలు రాశాను. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. ఒక రైతు రాశి మీది నుంచి గుప్పెడు వడ్లు తీసి యంత్రంలో పోశాను. 16 చూపింది, కాంటా వేయించాను. మిల్లుకు వెళ్లాక అదే ధాన్యానికి తడి ఉందని తరుగు తీశారు. రైతు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఎండకు రాశి పైభాగం ఆరింది, మోచేతి లోతున వడ్లు చల్లగానే ఉన్నాయి. యంత్రం సరిగ్గానే చూపింది, తప్పంతా నేను గుప్పెడు తీసిన చోటులో ఉంది. ఆ తర్వాత ఏ రాశి దగ్గరైనా మోచేయి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి, పక్కల నుంచి తీసేవాణ్ని. పై అధికారి బల్ల మీదికి చేరే నివేదికలు చాలావరకు ఎండకు ఆరిన వడ్లే.

ఎక్కడ వెతుకుతున్నామన్నది ఒక ఎత్తు, ఏ ప్రశ్న అడుగుతున్నామన్నది ఇంకో ఎత్తు. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎముకలను వంచేసిన కథ అందరికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. మంచి పరిష్కారమే. కానీ రోజూ కొలతలు తప్పకూడదు, అడుగున దిగిన మడ్డిని పారబోయాలి. “ఈ నీటిలోంచి ఫ్లోరైడ్ ఎలా తీయాలి?” అన్న ప్రశ్నకు అది జవాబు. “అసలు ఈ నీళ్లే ఎందుకు తాగాలి, కృష్ణ పారుతోంది కదా?” అన్నది వేరే ప్రశ్న. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచినీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి నిరసన పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తి, నల్లగొండలో పోటీదారుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నిపుణులు మొదటి ప్రశ్నతో కుస్తీ పడుతుంటే రెండో ప్రశ్నను జనం అడిగారు. నదీజలాలు నల్లాల్లోకి రావడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పట్టింది.

మన దగ్గర ప్రశ్న అడగడమంటే ఎదురు చెప్పడమే. కొత్తగా చేరిన ఉద్యోగి “దీనివల్ల నష్టం వస్తే ఎక్కడ ఆగుతాం?” అంటే పెద్దవాళ్ల ముఖాలు మాడిపోతాయి. అందుకే సమావేశంలో పెద్ద అధికారి చివర మాట్లాడాలని, అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టాలని గట్టిగా అంటాను. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త సూచించిన పద్ధతి ఒకటుంది. పని మొదలుపెట్టకముందే “ఏడాది తర్వాత ఇది ఘోరంగా విఫలమైంది” అనుకొని, ఎందుకు విఫలమైందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి. అప్పుడు అనుమానం చెప్పినవాడు అపశకునం పక్షి అనిపించుకోడు, అప్పగించిన పనే చేసినవాడవుతాడు.

ఆ ఉదయం బోరు బండి చుట్టూ పదిమంది మగవాళ్లం ఉన్నాం. ఇంకో యాభై అడుగులు దింపుదామా, చోటు మారుద్దామా అని వాదించుకుంటున్నాం. చిన్నమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. మొదటి మూడు బోర్లకు తాకట్టు పెట్టిన బంగారం ఆమెది. “ఇంకెన్ని వేస్తారు?” అని అడిగింది. ఒక్కరమూ తలెత్తలేదు. ఆమె ఖాళీ గ్లాసులు ఏరుకొని ఇంటి దారి పట్టింది.