దయచేసి కదలకుండా నిలబడండి

గత నెలలో మా కార్యాలయంలో ఆరోగ్య వారోత్సవం జరిగింది. వారోత్సవమంటే వారం రోజులు జరగాలని నిఘంటువులు చెబుతాయి గానీ, మా యాజమాన్యం ఆరోగ్యానికి కేటాయించగలిగింది మధ్యాహ్నం 3 నుంచి 5 గంటల వరకు మాత్రమే కనుక, ఆ రెండు గంటలనే వారంగా భావించి మేమంతా సహకరించాము. ఉత్సవమూర్తిగా ఒక తూకం మిషనును అద్దెకు తెచ్చి క్యాంటీను ముందు, సరిగ్గా సమోసాల ట్రేకు ఎదురుగా ప్రతిష్ఠించారు. పాదాలు మోపగానే పైనుంచి ఒక కడ్డీ దిగివచ్చి నెత్తిమీద తట్టి ఎత్తు కొలుస్తుంది. ఆపై "దయచేసి కదలకుండా నిలబడండి" అని ఆజ్ఞాపించి, బరువునూ, బీఎంఐనీ (కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెనూ), ఆ రెండింటి మీదుగా మన బతుకుపై ఒక తీర్పునూ అంతస్తు మొత్తానికి వినిపించేలా ప్రకటిస్తుంది.

పూర్వం రైల్వే స్టేషన్లలో రంగు దీపాల చక్రం తిప్పుతూ ఒక మిషను ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే టక్కుమని చిన్న అట్టముక్కను రాల్చేది. ఒకవైపు బరువు ఉండేది, రెండోవైపు జాతకం. ఒళ్ళు పెరిగిన సంగతి మనకూ దానికీ మధ్యే ఉండిపోయేది, పైగా త్వరలో ధనలాభం కలుగుతుందన్న ఊరడింపు కూడా దొరికేది. ఆ మిషనుకు మర్యాద తెలుసు. దీనికి తెలియదు.

వరుసలో నిలబడిన మా వాళ్ళను చూసినవారెవరైనా ఏదో పుణ్యక్షేత్రంలో స్నానఘట్టమనుకుంటారు. బూట్లు విప్పారు, బెల్టులు తీశారు, ఫోనులూ పర్సులూ తాళంచెవులూ ఒక బల్లమీద కుప్ప పోశారు. ఒకాయన మెడలో తాయెత్తు తీస్తే గ్రహాలు కోపగిస్తాయా, ఉంచితే బీఎంఐ కోపగిస్తుందా అని పక్కవాణ్ణి సంప్రదించాడు. మరొకాయన, గాలికి బరువుంటుందని చిన్నప్పుడు చదువుకున్నందువల్ల కాబోలు, ఊపిరి మొత్తం వదిలేసి మళ్ళీ పీల్చకుండా కళ్ళు తేలేసి మిషనెక్కాడు. ఇంత తపస్సు చేసి తగ్గించుకున్న నాలుగు వందల గ్రాములను, తూకం అయిపోయిన వెంటనే, ఎదురుగా ఉన్న ట్రేలోంచి యథాస్థానానికి చేర్చుకున్నారు.

నా వంతు వచ్చింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, బీఎంఐ 24.9. "మీరు అధిక బరువుతో ఉన్నారు" అంది మిషను. లెక్క ప్రకారం నిజమే. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. అమెరికాలో అధిక బరువే 25 దగ్గర మొదలవుతుంది. అంటే నేను శంషాబాదులో లావుపాటి మనిషిగా విమానమెక్కి, ఒక్క గ్రాము తగ్గకుండా, పైగా దారిలో ఇచ్చిన రెండు బన్నులూ తిని, డల్లాసులో దిగేసరికి సాధారణ మనిషినైపోతాను. వీసా దొరకడమొక్కటే ఈ వైద్యంలోని కష్టం. అమెరికావారు కూడా 1998 దాకా మగవారికి గీతను 27.8 వద్ద గీసుకున్నారు. ఆ ఏడాది దాన్ని 25కు దించగానే, రాత్రి సాధారణ మనుషులుగా పడుకున్న కోట్ల మంది తెల్లారేసరికి అధిక బరువుతో నిద్రలేచారు.

నా తరవాత మా ఉపాధ్యక్షులవారు వేంచేశారు. వారి చేతులూ కాళ్ళూ చీపురుపుల్లలు. ఆ పుల్లల నడుమ, ఎవరో తెచ్చి తాత్కాలికంగా దాచిపెట్టినట్టు, ఒక నిండు కడవ ఉంటుంది. చొక్కా నాలుగో బొత్తాం ఉద్యోగభద్రత లేనిదానిలా దారానికి వేలాడుతుంటుంది. ఎత్తు 172, బరువు 66, బీఎంఐ 22.3. "అభినందనలు! మీరు ఆరోగ్యవంతులు" అని మిషను ఎలుగెత్తింది. మేము చప్పట్లు కొట్టాము, కొట్టకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఉత్తమ ఆరోగ్యవంతుడి బహుమతిగా వారికి అరకిలో కాజాల డబ్బా అందజేశారు.

ఆ 22.3 అనే అంకె నాకు ఎక్కడో తగిలినట్టనిపించింది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం ఇంగ్లీషాయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. మనవారి కండ తక్కువ, కొవ్వెక్కువ, అదీ పొట్టచుట్టూ. మన గీతను కిందికి దించిన కారణం ఇదే. పొట్ట కొలవడానికి కావలసిన యంత్రం ప్రతి దర్జీ మెడలోనూ వేలాడుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి చూసుకుంటే, మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. "నా ప్యాంటు 34 అంగుళాలే" అని ప్రమాణం చేసే పెద్దమనుషుల ప్యాంటు పొట్టకు కింద, దాని నీడలో కాపురముంటుంది గనక ఆ సాక్ష్యం చెల్లదు. నిజానికి మనకు మొలతాడు ఉండేది. అది బిగిస్తే ఒళ్ళు చేశాడని అమ్మమ్మ తేల్చేసేది, బ్యాటరీ అక్కర్లేకుండా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి దేశవ్యాప్త సర్వే 2023లో వెలువడింది. బీఎంఐతో కొలిస్తే స్థూలకాయులు 28.6 శాతం తేలారు, నడుము కొలిస్తే 39.5 శాతం. ఆ తేడా అంతా మా ఉపాధ్యక్షులవారి కడవల్లోనే దాగి ఉంది.

ఇంతకూ ఈ బీఎంఐ సూత్రాన్ని కనిపెట్టిన అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కాడు. బెల్జియం ఖగోళశాస్త్రజ్ఞుడు. 1830లలో నక్షత్రాల నుంచి కాస్త తీరిక చేసుకుని 'సగటు మనిషి' కోసం వెతుకుతూ, పెద్దవాళ్ళ బరువు ఎత్తు వర్గాన్ని అనుసరిస్తోందని గమనించాడు. లావు ఆయన సమస్యే కాదు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు అయిదు దేశాల మగవాళ్ళ లెక్కలు తీసి, జనసమూహాలను కొలవడానికి ఇది ఫరవాలేదని చెప్పి, దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని ఇప్పుడున్న పేరు పెట్టాడు. గుంపును కొలవడానికి పుట్టిన బద్దతో ఒక్కొక్క మనిషికీ శీలపరీక్ష చేస్తున్నది మనమే.

చివరగా, సరదాకి, మా అంతస్తులు ఊడ్చే ఆయమ్మను పిలిచారు. "నాకెందుకమ్మా" అని ఆవిడ చీపురు వెనక్కి దాచుకుంది. "ఏం కాదు ఆయమ్మా, ఎక్కు" అని ఎక్కించారు. ఎత్తు 150, బరువు 61, బీఎంఐ 27.1. "మీరు స్థూలకాయులు. రోజూ 30 నిమిషాలు నడవండి." ఎవరో నవ్వారు. హెచ్‌ఆర్ అమ్మాయి ఆవిడ చేతిలో ఒక కరపత్రం పెట్టింది. అందులో ఓట్సు, అవకాడో, ఆలివ్ నూనె, ఎనిమిది గంటల నిద్ర ఉన్నాయి. ఆవిడ దాన్ని తిరగేసి చూసి, పక్కనే ఉన్న నన్ను మెల్లగా అడిగింది: "నడవడమంటే ఎక్కడికి సార్?"

ఇక్కడ నా గాంభీర్యాన్ని కాసేపు పక్కన పెడతాను. ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రెండు షేర్ ఆటోలు మారి, మా నాలుగు అంతస్తులూ తుడుస్తుంది. రేషను బియ్యం అన్నంలో పలచటి చారో, పచ్చడో కలుపుకుని తింటుంది. కందిపప్పు ధర ఎంతో ఆ కరపత్రం రాసినవాడికి తెలుసా? ఆవిడ నడుము 80 దాటి ఉండవచ్చు, చక్కెర జబ్బు పొంచి ఉండవచ్చు, ఆ సంగతి నేను కాదనను. కానీ పుణెలో పుట్టిన పసిపిల్లల్ని యాజ్ఞిక్ బృందం తూచినప్పుడు సగటున 2.7 కిలోలున్నారు. ఇంగ్లండు పిల్లలు 3.5. ఆ బక్క పిల్లల్లో కండ తగ్గిపోయింది గానీ కొవ్వు మాత్రం దాదాపు అలాగే నిలిచింది. గర్భంలో ఉండగా తల్లికి తిండి చాలకపోతే, బిడ్డ శరీరం రేపటి కరువు కోసం ముందే మూట కట్టుకుంటుందని ఒక వివరణ. పస్తులున్నది వాళ్ళ అమ్మ, ఆ పస్తుల లెక్క ఈవిడ పొట్టమీద తేలింది, దానికి ఈవిడ బద్ధకస్తురాలా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు. కూర్చుని తినేవాడి చేతిలో కాజాల డబ్బా పెట్టి, రోజంతా నిలబడే మనిషిని నడవమంటారా? సిగ్గుండాలి.

నోరు కట్టుకుంటే చాలునని సెలవిచ్చేవారు మరొకటి వినాలి. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరవాత పరీక్షించి 2016లో ప్రకటించారు. చాలామందికి పోయిన బరువులో పెద్ద భాగం తిరిగి వచ్చింది. వాళ్ళ శరీరాలు ఊరికే పడుకున్నప్పుడు ఖర్చు చేయవలసిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. కొవ్వు తగ్గితే, నిల్వల కబురు మెదడుకు చేరవేసే లెప్టిన్ అనే హార్మోను పడిపోతుంది, ఇల్లు దోచుకుంటున్నారని మెదడు అరుస్తుంది, ఆకలి లేస్తుంది. నిద్ర చాలకపోయినా ఆకలి పెరుగుతుంది. ఈ విషయంలో రాత్రి షిఫ్టుల మీద బతికే మా సంస్థ వారోత్సవంలో ఒక్క స్లైడు కూడా వేయలేదు.

5 గంటలకు ఉత్సవం ముగిసింది. మిషనును కింద ఆగి ఉన్న ట్రాలీ ఆటోలోకి చేర్చాలి, లిఫ్టేమో ఉపాధ్యక్షులవారి కోసం ఆపి ఉంచారు. అందువల్ల ఆయమ్మా, వాచ్‌మన్‌గారూ చెరో కొసా పట్టుకుని మెట్లమీదుగా దించారు. స్విచ్ ఆపడం ఎవరికీ తోచలేదు. రెండో మలుపు దగ్గర ఆవిడ అరచెయ్యి ఆ పళ్ళెంమీద బలంగా పడినట్టుంది, చీకటి మెట్లమీదినుంచి గొంతు స్పష్టంగా వినిపించింది: "దయచేసి కదలకుండా నిలబడండి."