మా ఓమ్ని ఎందుకు అమ్మనో చెబుతాను

"ఇంకా ఆ డొక్కు వ్యానేనా? అమ్మేసి కొత్తది తీసుకోకూడదా?" అని మొన్న పెళ్లిలో మా పెదనాన్నగారి అబ్బాయి నలుగురిలో అడిగాడు. పెళ్లివారింట్లో వాదన ఎందుకని ఊరుకున్నాను. మనసులో మాత్రం మెదులుతూనే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది 1998 మోడల్ మారుతి ఓమ్ని. నాన్న కొన్నారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, కార్బొరేటర్ బండి. 1984లో మొదలైన ఈ వ్యాను తయారీ 2019లో ఆగిపోయింది. గుంటూరు నుంచి దీంట్లో మేం అరకు వెళ్లాం, మారేడుమిల్లి వెళ్లాం, గండికోట, అహోబిలం చూశాం. పక్క తలుపు ఇలా జరిపితే చాలు, అక్కడే స్టవ్ పెట్టి అన్నం వండుకోవచ్చు. ఆ సుఖం నాకు ఏ కొత్త కారులోనూ కనిపించలేదు.

సరే, అసలు విషయం. బండి పాతదైతే ప్రమాదమని అందరూ అంటారు. ఏ భాగం ఎలా పాతబడుతుందో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. నాకు అది శ్రీశైలం ఘాట్‌లో తెలిసింది.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో నరసరావుపేట, వినుకొండ మీదుగా బయల్దేరాం. దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి 9కి మూసేస్తారు కాబట్టి సాయంత్రానికే దాటాలని తొందర. ఘాట్ ఎక్కుతుంటే సీటు కింద వేడి ఎక్కువైంది. ఓమ్నికి ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, తేడా వస్తే ముందు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. చూస్తే టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లిపోయింది. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. ముప్పావుగంట అలాగే కూర్చున్నాం. పులులు తిరిగే నల్లమల, చీకటి పడుతోంది, వెనక సీట్లో అమ్మ, పిల్లలు. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. చల్లారాక సీటు ఎత్తి చూస్తే రేడియేటర్ నీళ్లు వెళ్లే హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలింది. చీలిన చివర కోసేసి, మిగిలింది మళ్లీ బిగించి, తాగే నీళ్లు పోసుకుని మెల్లగా ఎక్కాం.

ఆ పైపు గట్టిపడిందని, మార్చేద్దామని మా మెకానిక్ నాలుగు నెలల ముందే చెప్పాడు. చూద్దాంలే అన్నది నేను. కాబట్టి ఆ రోజు తప్పు బండిది కాదు, నాది. అప్పటి నుంచి దూరం వెళ్లే ముందు ఒక రోజంతా బండికే కేటాయిస్తున్నాను. హోస్ పైపులు, ఫ్యాన్ బెల్ట్ చేత్తో నొక్కి చూస్తాను. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారుస్తాను. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగిందంటే పెడల్ లోపలికి దిగిపోతుంది, బ్రేక్ పట్టదు. టైరు గీతలు బాగున్నాయని మురిసిపోవద్దు, దాని వయసు తెలియాలంటే పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. స్టెప్నీకి కూడా ఇదే లెక్క.

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 1998 నాటి రబ్బరు దీనికోసం చేసింది కాదు. మైలేజీ తగ్గితే భరిస్తాను, పెట్రోల్ పైపు కారితే మాత్రం ఊరుకోకూడదు, కారేది మనం కూర్చున్న సీటు కింద వేడి ఇంజిన్ మీద. అందుకే ఆ పైపులన్నీ మార్పించాను. ఇక కొందరు ఓమ్నిని పెట్రోల్ బదులు వంటగ్యాస్ సిలిండర్ పెట్టి నడుపుతూ, దాంట్లోనే బడిపిల్లల్ని ఎక్కిస్తారు. చూస్తే కడుపు మండిపోతుంది. దయచేసి అలాంటి బండిలో మీ పిల్లల్ని పంపకండి.

ఓమ్నికి ఎయిర్‌బ్యాగులు లేవు. మన మోకాళ్ల ముందు ఉన్నది ఒక్క రేకు. అది నాకు తెలుసు, అందుకే 60 దాటను, రాత్రిపూట హైవే ఎక్కను, బెల్టు పెట్టుకోనివాళ్లను ఎక్కించుకోను.

ఇంత చేసేవాడిని కాబట్టే ఫీజుల సంగతి బాధ కలిగిస్తుంది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలుండేది, 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. డబ్బు కడతాను. కానీ 2023లో రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు మా బండి అడుగు వంగి చూసినవాళ్లు లేరు. బ్రేక్ పట్టి చూడలేదు. హారన్, లైట్లు, ఛాసిస్ నంబరు, అంతే. తుప్పు పట్టిన పదేళ్ల బండి ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంటే మాకు మాత్రం వయసు చూసి ఫీజు వేయడం న్యాయమా? బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించి అడుగు చూడండి. బాగా లేకపోతే నాదైనా సరే ఆపేయండి, నేను ఒక్క మాట అనను.

సంక్రాంతి తర్వాత లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. బ్రేక్ ఆయిల్ మార్చడం అయింది. పక్క తలుపు రోలర్లు ఒక్కటే మిగిలాయి, విజయవాడ ఆటోనగర్‌లో తెచ్చినవి రెండుసార్లూ నెలకే అరిగిపోయాయి. గట్టివి ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి.